ఎర్రమల కొండల ఊటలు: పటం గీస్తూ నేర్చుకున్న పాఠం



ఈ ఏడాది సంచికకు మీ సబ్జెక్టు మీద ఏదైనా రాయండి మాస్టారూ, కాని అందరికీ అర్థమయ్యేట్టు రాయండి అని మన సంఘం వారు అడిగారు. నా సబ్జెక్టు భూగర్భశాస్త్రం. కోనసీమలో పుట్టి పెరిగినవాడు కొండల గురించి రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. కొండల్లో నీటి ఊటలు ఎక్కడున్నాయో పటం గీయడానికి వెళుతున్నానని చెప్పినప్పుడు మా మామ్మ కూడా నవ్వింది. "నీళ్ళకోసం కొండెక్కడవేంట్రా అబ్బాయ్? గుమ్మం దిగితే కాలవే కదా!" అంది.

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. గుమ్మం దిగితే బోదె, బోదె దాటితే కాలువ, కాలువ దాటితే రేవు. నీరు ఎక్కడుందని మనం అడగం. నీరు ఎప్పుడు పోతుందని అడుగుతాం. నీటికోసం వెతకడం తెలియని వాడు నీటి పటం గీయబోతే ఏమవుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో కొంత పాఠం, కొంత నా తప్పు కలిసి ఉంటాయి. రెండూ విడదీస్తే రెండూ అర్థం కావు.

మన పటం, వాళ్ల పటం

సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఏర్పడింది. వారు తయారుచేసే స్థలాకృతి పటాన్నే మనం టోపోషీటు అంటాం. 1:50,000 స్కేలు షీటులో 2 సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరుకు సమానం. ఇందులో గోధుమరంగు గీతలుంటాయి. అవే సమోన్నత రేఖలు, అనగా సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీతలు. సాధారణంగా ఒక్కో గీతకు మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరంగా ఉంటే మెల్లని వాలు.

ఇప్పుడు మన కోనసీమ సంగతి చూడండి. రావులపాలెం నుంచి అంతర్వేది దాకా, కొత్తపేట నుంచి ఓడలరేవు దాకా ఎంత వెతికినా 20 మీటర్ల గీత ఒక్కటి గీయడానికి చోటు లేదు. మన నేల అంతకంటె పల్లం. ఉండేవి ఎత్తు చూపే చిన్న అంకెలు మాత్రమే. మిగతాదంతా కాలువల నీలం, పొలాల పసుపు.

ఇంకొక తమాషా ఉంది. అమలాపురం ఇంచుమించుగా 82వ తూర్పు రేఖాంశం మీద ఉంది. అందుచేత పాత నంబర్ల పద్ధతిలో 65 హెచ్, 65 ఎల్ అనే రెండు గళ్లు మన ఊరి దగ్గరే కలుసుకుంటాయి. ఊరి చుట్టుపక్కలంతా చూడాలంటే రెండు షీట్లు పక్కపక్కన పరుచుకోవాలి. కాని మేము చదువుకునే రోజుల్లో సముద్రతీరపు షీట్లు అందరికీ ఇచ్చేవారు కారు. రక్షణ కారణాల వల్ల వాటిమీద ఆంక్ష ఉండేది. కాబట్టి కోనసీమ కుర్రవాడు తన ఊరి పటం చూడకుండానే బనగానపల్లె పటం నేర్చుకున్నాడు! 2005లో జాతీయ పటాల విధానం వచ్చింది. 2017 నుంచి సర్వే ఆఫ్ ఇండియా వారు ఓపెన్ సిరీస్ పటాలను ఉచితంగా తీసుకోనిస్తున్నారు. మీరు అదృష్టవంతులు.

ఎర్రమలలు ఎక్కడివి?

నంద్యాలకు పడమరగా ఉత్తర దక్షిణాలుగా పరచుకున్న కొండలు ఎర్రమలలు. తూర్పున నల్లమలలు. రెంటికీ నడుమ కుందూ నది లోయ. కుందూ దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న మన కోనసీమ జిల్లా ఏర్పడిన రోజునే నంద్యాల జిల్లా కూడా ఏర్పడింది. ఒకేరోజు పుట్టిన ఈ కవలల్లో ఒకరికి నీరెక్కువ, ఒకరికి కరువెక్కువ. నైరుతి గాలులు పడమటి కనుమల దగ్గరే తేమంతా దించేసుకుని వస్తాయి. ఈశాన్యపు వాన తీరం దాటి లోపలికి అంతగా చేరదు. రాయలసీమకు కరువు తెచ్చే కారణం అదే. అనంతపురం సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. మనకు పడేది దానికి రెండింతలకు దగ్గర. 1876–78 నాటి మహా కరువు ఆ నేలను ఎలా తుడిచిపెట్టిందో చరిత్ర విద్యార్థులకు తెలుసు.

అయితే పటాల చరిత్రలో ఆ ప్రాంతం చాలా పెద్దది. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసులో మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే 78వ రేఖాంశం వెంబడే ఉత్తరానికి సాగింది. 1811లో గుత్తి దగ్గర ఒక ఆధార రేఖ కొలిచారు. ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ దత్తమండలాల సర్వే నడిపించాడు. ఆయనకు కుడిభుజంగా పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఏలూరు వారు, మన గోదావరి పక్కవారే. మెకంజీ గీతలు గీయించి ఊరుకోలేదు. ఊరూరా కరణాల చేత, పెద్దల చేత కైఫీయతులు రాయించాడు. పటం ఒక చేత్తో, కథ ఒక చేత్తో పట్టుకున్నాడన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

ఒక ఇంగ్లీషు మాటకు మన మాటలెన్ని?

టోపోషీటు మీద నీరు ఉబికే చోటుకు ఒక్కటే గుర్తు, ఒక్కటే మాట: స్ప్రింగ్. ఆ ప్రాంతపు ప్రజలకు మాత్రం చాలా మాటలున్నాయి. నేలలోంచి ఉబికి వచ్చేది బుగ్గ. తాడిపత్రిలో లింగం అడుగున నీరు ఊరే గుడిని బుగ్గ రామలింగేశ్వరుడి గుడి అన్నది అందుకే. ఇసుక తవ్వితే ఊరేది చెలమ. రాతి గుంటలో నిలిచేది దోన. రాతి సందులోంచి సన్నగా కారేది జల. దేవుడి పేరున కట్టు కట్టుకున్నది గుండం. లోయంతా నీటి చెమ్మతో చెట్లు పెరిగితే అది కోన.

ఈ చివరి మాట చూసినప్పుడు నేను ఆగిపోయాను. మనకు కోన అంటే మూల. గోదావరి పాయలకూ సముద్రానికీ మధ్యనున్న మూల గనుక కోనసీమ. వాళ్లకు కోన అంటే కొండల నడుమ నీడ, నీరు ఉన్న లోయ. ఎంత కరువు సీమలోనైనా ఆ మాట వింటే మనిషికి దాహం తీరినట్టుంటుంది.

చెలమ ఎండాకాలం లోతుకు పోతుంది. దోన వానకు నిండి ఎండకు ఆరుతుంది. బుగ్గ ఆగదు. అంటే ఆ పేర్లలోనే నీటి గుణం, నీటి కాలం ఉన్నాయి. షీటు అడుగున ఉండే గుర్తుల పట్టిక చూడండి. చెరువుకు రెండు గుర్తులు ఇస్తారు: ఏడాది పొడుగునా నీరున్నది ఒకటి, ఎండినది ఒకటి. వాగుకు కూడా నీరుంటే నీలం, లేకుంటే నలుపు. ఊటకు మాత్రం ఒక్కటే గుర్తు. ఆ ఒక్క గుర్తు మమ్మల్ని ఏం చేసిందో ఇప్పుడు చెబుతాను.

నా తప్పు

పి.జి. చదివే రోజుల్లో శిక్షణ కోసం మమ్మల్ని బనగానపల్లె వైపు తీసుకెళ్లారు. షీటు నంబరు 57 ఐ/3. ముగ్గురేసి విద్యార్థులకు ఒక చిన్న కొండ అప్పగించారు. షీటులో మా ముక్కను నాలుగింతలు పెద్దది చేసి, అనగా 1:12,500 స్కేలుకు తెచ్చి, దానిమీద రాళ్ల రకాలూ, ఊటలూ గుర్తించి తీసుకురావాలి. సరంజామా: ప్రిస్మాటిక్ కంపాసు, క్లైనోమీటరు, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే ఆల్టీమీటరు ఒకటి, సుత్తి, టేపు, మనిషికో లీటరు నీళ్ల క్యాంటీను. నెల మార్చి, ఉగాది ముందర.

మా కొండ పాదాన షీటులో ఒక ఊట గుర్తు ఉంది. ముందు రోజు రాత్రి క్యాంపులో లాంతరు దగ్గర కూర్చుని నేను పటం ట్రేస్ చేస్తూ, ఆ ఊటను కూడా నీలి సిరాతో ఎక్కించేశాను. పెన్సిలుతో కాదు, సిరాతో. చూడకుండానే. ప్రభుత్వం వారు అచ్చువేసిన పటం, అందులో తప్పేముంటుంది అనుకున్నాను. అంతటితో ఆగక, మధ్యాహ్నం భోజనం ఆ ఊట దగ్గరే చేద్దాం, నీళ్లు మోయక్కర్లేదు అని మిగతా ఇద్దరికీ నేనే చెప్పాను. కాలువగట్టున పెరిగినవాడి ధీమా అది.

ఒంటిగంటకు అక్కడికి చేరేసరికి క్యాంటీన్లు ఖాళీ. పటం ప్రకారం చోటు సరిగ్గానే ఉంది. ఒక జువ్విచెట్టు, దాని కింద రాళ్లు పేర్చిన గుంట, గుంటలో బీటలు వారిన మట్టి, గొర్రె పెంటికలు, పగిలిన కుండ పెంకులు. నీరు లేదు. ఉప్మా పొట్లాలు విప్పాం గాని గొంతు దిగలేదు. మాలో ఒకతను కర్నూలు వాడే, ఎండ అలవాటున్నవాడు. అతనే ముందు కళ్లు తిరిగి చెట్టు మొదట్లో కూలబడ్డాడు. నాకు అప్పుడు భయం పట్టుకుంది. క్యాంపు ఏడు కిలోమీటర్లు.

అప్పుడు జీవాలను తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు.

"ఏం నాయనా, ఈడ కూర్చున్నారే ఎండలో?"

"ఇక్కడ ఊట ఉండాలి పెద్దాయనా. పటంలో ఉంది."

ఆయన పటం వంక చూడలేదు, గుంట వంక చూశాడు. "ఈడ నీళ్లు సంకురాత్రి దాంకనే. ఆ పటం రాసినోళ్లు ఏ నెలలో వచ్చినారో అడిగినారా?" అన్నాడు.

షీటు అంచున చూశాను. సర్వే చేసిన సంవత్సరం ఉంది. నెల లేదు. సర్వే వారు సాధారణంగా వానలు వెలిసిన తరువాత చలికాలంలో బయలుదేరతారు. అప్పుడు ఆ గుంట నిండుగానే ఉండి ఉంటుంది. వారు రాసింది అబద్ధం కాదు, మేము చదివింది తప్పు.

పెద్దాయన చూపిన జల

తన తోలుసంచిలోని నీళ్లు కర్నూలు అబ్బాయికి తాపి, ఆయన మమ్మల్ని కొండమీదికి తీసుకెళ్లాడు. పాదం దగ్గర లేని నీరు పైన ఉంటుందా అని నాకు అనుమానం. మన పల్లపు నేల బుద్ధికి నీరంటే కిందనే ఉండాలి. ఆల్టీమీటరు ప్రకారం ఎండిన గుంటకంటె ఒక సమోన్నత రేఖ పైకి, ఇంచుమించు 25 మీటర్లు ఎక్కాం. అక్కడ కొండ ముఖం నిటారుగా ఉంది. బండ కిందికి వంగి చూస్తే రెండు రాతి పొరల మధ్య సందులోంచి సన్నగా నీరు. కింద చేత్తో తొలిచిన చిన్న దోన, దానిమీద ఆకులు పడకుండా పలకరాయి మూత.

ముందు తాగాం. తరువాత సిగ్గుపడి, పని గుర్తు తెచ్చుకున్నాం. లీటరు క్యాంటీను పట్టి గడియారం చూశాను. నిండడానికి 40 సెకన్లు. అంటే నిమిషానికి లీటరున్నర, రోజుకు 2,160 లీటర్లు. ఈ ధార ఎండాకాలం ఎందరికి సరిపోతుందని అడిగాను. "నాలుగు మందలకు. అయిదో మంద వస్తే తగాదే" అన్నాడు. మంద అంటే నూరు జీవాలు. ఎండలో ఒక గొర్రె రోజుకు 5 లీటర్లు తాగుతుందనుకుంటే 2,160 లీటర్లు 432 గొర్రెలకు వస్తాయి. నోటుబుక్కులో నేను వేసిన లెక్కా, ఆయన నోటి లెక్కా ఒకటే అయినాయి.

పటం మడుస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "సామీ, దీన్ని మాత్రం పటంలో ఎక్కిచ్చొద్దు. కాగితంలో ఎక్కితే లారీ వస్తాది."

ఆ మాట వెనక ఉన్న లెక్క నాకు రాత్రి తెలిసింది. అయిదువేల లీటర్ల ట్యాంకరు ఒక్కసారి నింపుకు పోతే ఆ జల రెండు రోజులకు పైగా ఊరవలసిందే. రెండు రోజులు నాలుగు మందలు ఏం కావాలి?

నీరు అక్కడే ఎందుకు కారింది?

ఇది అసలు పాఠం. కర్నూలు శ్రేణి అని పిలిచే అక్కడి రాళ్లు పొరలు పొరలుగా, చాలాచోట్ల దాదాపు పడక మీద దుప్పట్లు పరిచినట్టు ఉంటాయి. కింద నార్జి సున్నపురాయి. మన ఇళ్లలో నేలకు పరిచే నల్లని నాపబండలు ఆ జాతివే, కడపబండ అని, బేతంచర్ల రాయి అని కొనుక్కొస్తాం. దానిమీద అవుకు షేల్ అనే మెత్తని పలకరాయి. ఆపైన టోపీలాగా పాణ్యం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. పేర్లన్నీ ఆ ఊళ్లవే.

పైన ఉన్న క్వార్ట్‌జైట్ గట్టిదే గాని నిండా పగుళ్లు. కొండ నెత్తిన పడ్డ వాన ఆ పగుళ్లలోంచి దిగుతుంది. షేల్ దగ్గరకు వచ్చేసరికి దారి మూసుకుపోతుంది, ఎందుకంటే షేల్ బంకమట్టి గట్టిపడినది. కిందికి దిగలేని నీరు పక్కకు జరిగి, కొండ ముఖం మీద ఆ రెండు పొరలు కలిసే గీత ఎక్కడ బయటపడితే అక్కడ కారుతుంది. పగుళ్లలో మెల్లగా నడుస్తుంది కనుక జడివాన వెలిసి నెలలు గడిచినా ఆగదు. పాదాన ఉన్న గుంటది వేరే కథ. అది కొండమీంచి జారిపడిన రాళ్లూ మట్టీ కుప్పలో నిలిచిన నీరు. లోతు లేదు, నిల్వ లేదు. సంక్రాంతితో సరి.

పొరలు దాదాపు సమతలంగా ఉంటే వాటి అతుకు గీత సమోన్నత రేఖకు సమాంతరంగా నడుస్తుంది. అంటే ఒక జల దొరికితే, అదే ఎత్తున కొండ చుట్టూ తిరిగితే ఇంకొకటి దొరికే అవకాశం ఉంది! మర్నాడు మేము ఆల్టీమీటరు చేతబట్టుకుని అలాగే తిరిగాం. ఎండిన కొండ నడుమున ఒకే వరుసలో పచ్చని చెట్లు కనిపించాయి. ఇంకా రెండు చోట్ల తడి దొరికింది. పుస్తకంలో చదివిన మాట కాలికింద నిజం కావడం ఆ రోజే చూశాను.

సున్నపురాయి ఉన్నచోట తీరు మరొక విధం. నీరు ఆ రాతిని మెల్లగా కరిగించి లోపల దారులు చేసుకుంటుంది. బేలం గుహలు అలా తయారైనవే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటిని ప్రస్తావించాడు. 1982–83లో డేనియల్ గెబవర్ నాయకత్వాన జర్మన్ బృందం వివరంగా సర్వే చేసింది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. ఆ కొండల్లోనే ఉన్న యాగంటిలో రాతి నంది నోటినుండి పుష్కరిణిలోకి పడే నీటినీ, కుందూ లోయకు అవతల నల్లమల పాదాన మహానంది కోనేటినీ, దాని చుట్టూ పెరిగే అరటి తోటలనూ మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు దణ్ణం పెట్టుకున్నాక తల ఎత్తి పైన ఉన్న కొండను కూడా చూడండి. మీ కాళ్లు తడిపిన నీరు అక్కడ పడ్డ వాన.

కాబట్టి పటంలో ఊట ఒక చుక్క గాని, నేలమీద అది ఒక కొండంత. 1:50,000 స్కేలులో ఒక మిల్లీమీటరు చుక్క 50 మీటర్ల వెడల్పు. ఆ చుక్క చుట్టూ కంచె వేస్తే ఊటను కాపాడినట్టు కాదు. వాన ఇంకే కొండ నెత్తిని కాపాడాలి. సిక్కింలో 2008లో ధారా వికాస్ అనే పేరున చేసింది ఇదే. ఊట దగ్గర కాక, దానికి పైన వాన ఇంకే చోట సమోన్నత రేఖల వెంబడి కందకాలు తవ్వారు. 2018లో హిమాలయపు ఊటల మీద నీతి ఆయోగ్ ప్రచురించిన నివేదిక సారం కూడా ఊట వెనకనున్న పరీవాహకాన్ని చూడమనే.

ఊటను పటంలో ఎక్కించే పద్ధతి

కొత్తగా చేయబోయే వారికి క్లుప్తంగా చెబుతాను.

1. ముందు పెన్సిలు. నీ కంటితో చూడనిదేదీ సిరాతో గీయకు. పాత పటం నుంచి తీసుకున్నదైతే పక్కన ఆ సంగతి రాయి.

2. స్థానం: కనబడే రెండు మూడు గుర్తులకు కంపాసు చూపి గీతలు కలుపు. ఇప్పుడు ఫోనులోని జి.పి.ఎస్. కూడా పనికొస్తుంది గాని, నిటారు లోయలో, బండ కింద అది తడబడుతుంది. ఎత్తు విషయంలో దాన్ని మరీ నమ్మరాదు.

3. రాయి: నీరు ఏ పొరమీంచి, ఏ పొర కిందనుంచి వస్తోందో రాయి. రాయి పేరు తెలియకపోతే రంగు, గట్టితనం, పగుళ్లు రాసినా చాలు.

4. ధార: తెలిసిన పాత్ర, గడియారం. పదిహేను లీటర్ల బిందె 50 సెకన్లలో నిండితే నిమిషానికి 18 లీటర్లు, రోజుకు 25,920 లీటర్లు. మూడుసార్లు పట్టి సగటు తీయి.

5. తేదీ: సంవత్సరం చాలదు. నెల, రోజు కావాలి. అదే చోట వానాకాలం చివర ఒకసారి, చలికాలంలో ఒకసారి, నడివేసవిలో ఒకసారి కొలిస్తే గాని అది బుగ్గో దోనో తేలదు.

6. మనిషి: ఆ నీటిని వాడేవారు ఎవరు, దాన్ని ఏమని పిలుస్తారు, ఏ నెలలో ఆగుతుందంటారు? ఇది మెకంజీ కైఫీయతు పద్ధతి. కొలత లేని మాట, మాట లేని కొలత, రెండూ సగం సగమే.

మళ్లీ వెళ్లినప్పుడు

పెద్దాయన మాట కాదనలేక నేను ఆ జలను పటంలో ఎక్కించలేదు. కొలతలన్నీ నోటుబుక్కులో ఉంచుకున్నాను. మా సారు నోటుబుక్కూ పటమూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇది ఇందులో ఏదయ్యా?" అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మార్కులు మాత్రం తగ్గుతాయి" అన్నారు. తగ్గాయి. నేను మంచి పనే చేశానని చాలా ఏళ్లు నమ్మాను.

ఉద్యోగం చివరి రోజుల్లో ఒక పనిమీద అటు వెళ్లి, ఆ కొండ వెతుక్కుని ఎక్కాను. దోన అలాగే ఉంది, మూతరాయి పక్కన పడి ఉంది. సందు పొడిగా ఉంది. పైకి వెళ్లి చూస్తే కొండ నెత్తిన కంకర కోసం తవ్విన గొయ్యి. కిందికి దిగి ఊళ్లో అడిగితే పెద్దాయన కాలం చేసి చాన్నాళ్లయిందన్నారు. ఆయన మనవడు ఆటో నడుపుతున్నాడు. అతను అన్న మాట ఇది: "తవ్వొద్దని ఊరోళ్లం అర్జీ పెట్టినాం సార్. ఈడ నీళ్లుండేవని కాగితం చూపించమన్నారు. యాడుంది కాగితం?"

ఆ కాగితం అమలాపురంలో, మా ఇంటి అటకమీద, నా ట్రంకుపెట్టెలో ఉంది.

ఇంటికొచ్చి ఆ పేజీ జిరాక్సు తీయించి పంపాను. ఒక్కరోజు కొలతతో ఏదీ రుజువు కాదని జవాబు వచ్చిందట. నేను కూడా కాదనలేను. ఆ తవ్వకం వల్లనే జల ఆగిందని శాస్త్రప్రకారం చెప్పాలంటే ముందు ఏళ్ల కొలతలు ఉండాలి. వరసగా వానలు తగ్గి ఉండవచ్చు, ఇంకేదైనా కావచ్చు. నా దగ్గర ఉన్నది ఒక మార్చి మధ్యాహ్నపు 40 సెకన్లు.

పెద్దాయన భయం నిజమైనదే. కాగితంలో ఎక్కినది దోపిడీకి దారి చూపగలదు. కాని కాగితంలో ఎక్కనిది పోయినప్పుడు, అది ఉండేదని చెప్పడానికి కూడా ఏమీ మిగలదు. ఆనాడు నేను చేయవలసింది దాచడం కాదు. ఆ కొలతల ప్రతి ఒకటి ఆ ఊరివాళ్ల చేతికే ఇచ్చి, ఏటా ఉగాదికి ఆ క్యాంటీను పట్టి సెకన్లు లెక్కపెట్టి రాసుకోమని చెప్పవలసింది. పటం నాది, మార్కులు నావి అనుకున్నానే గాని, నీళ్లు వాళ్లవి గనుక కాగితం కూడా వాళ్ల దగ్గర ఉండాలని తట్టలేదు.

మన కోనసీమకు దీనితో ఏం పని?

చాలా పని ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయిన తరువాత మన కాలువలన్నీ ఎత్తుల లెక్కమీదనే నడుస్తున్నాయి. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి నగరం లంకకు నీరు వెళ్లడం ఎవరో లెవెలింగు కర్రతో జానెడు జానెడు కొలిచినందువల్లనే. అక్కడి కొండకు 20 మీటర్లు ఎంతో, మనకు అరమీటరు అంత. 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించినప్పుడు మన రైతులు చెప్పిన కష్టాల్లో మురుగు పారకపోవడం ఒకటి. పల్లపు నేలలో ఒక అడుగు పూడిక చేను ముంచడానికి చాలు.

తీరపు ఊళ్ల నూతుల సంగతి ఇంకా సున్నితం. ఇసుక దిబ్బల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. స్థూలంగా లెక్క ఇది: మంచినీటి మట్టం సముద్రానికి ఒక అడుగు పైన ఉంటే, కింద 40 అడుగుల దాకా మంచినీరు నిలుస్తుంది. ఆ ఒక్క అడుగు మోటారుతో తోడేస్తే కిందనుంచి ఉప్పు పైకొస్తుంది. కాలువ ఎదురుగా కనిపిస్తోంది కదా అని మనం నూతి మాట మరిచిపోతున్నాం. ఎర్రమల కొండమీద ధీమాగా క్యాంటీను ఖాళీ చేసిన కుర్రవాడి పద్ధతే ఇది.

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఒక చిన్న మనవి. మీ ఊళ్లో ఒక నుయ్యి ఎంచుకోండి. నెలకొకసారి, అదే తేదీన, తాడుకు రాయి కట్టి నీరు ఎంత లోతులో ఉందో కొలవండి. రుచి చూసి తీపో ఉప్పో రాయండి. ఆ నూతిని ఎన్ని ఇళ్లవాళ్లు వాడుతున్నారో, దాన్ని ఏమని పిలుస్తారో అడిగి రాయండి. సెలవులకు ఇంటికెళ్లే ప్రతి ఒక్కరూ చేయగల పని ఇది. ఖర్చు ఒక తాడు, ఒక నోటుబుక్కు. ఏడాది తిరిగాక ఒక ప్రతి మన కాలేజీలో ఉంచండి, ఒక ప్రతి ఆ ఊరి పంచాయతీలో ఇవ్వండి. దయచేసి అటకమీద మాత్రం పెట్టకండి.

వచ్చే ఏడాది సంచికలో నా వ్యాసం బదులు మీ నూతుల పట్టిక అచ్చయితే, పాఠం చెప్పినందుకు నాకు అదే గురుదక్షిణ.